షోలాపురంలో ఖాళీ అయిన మగ్గం

వేళ్లకద్దుకునే బూడిద ఇంకొంచెం మెత్తగా జల్లించాల్సింది, పోగు జారుతోంది, అనుకుంటూ సుగుణ మగ్గం మీద మిగిల్చిన పాత పడుగు కొసకు కొత్త పోగును కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టింది, ఒకటి, ఇంకొకటి, ఇట్లా సాయంత్రం దాకా, వాకిట్లో రాయచూరు పోయే బండి కట్టి ఉంది, మొగుడు ఆశన్న బండివానితో నవ్వుతున్నాడు, రాయచూరులో రైలెక్కితే షోలాపురం, బట్టల మిల్లు, ఆర్నెల్లల్ల నిన్ను గూడ తోల్కపోత, గుంతల కాళ్లు పెట్టి కూసునే బతుకు ఇంగ వద్దు మనకు అన్నాడు నిన్న, ఆ మాట తలుచుకుంటేనే మగ్గం గుంతలో చల్లబడ్డ కాళ్లు వెచ్చబడ్డాయి, అత్త జములమ్మ కారప్పొడి మూట కడుతూ, మీ అన్నకు సగం ఇయ్యి, తొవ్వలనే బుక్కకు అంటోంది, రెండేళ్ల కింద షోలాపురం మిల్లుకు పోయిన పెద్దకొడుకు హన్మంతుకు అక్కడి కూర చప్పగా ఉంటుందని ఆమెకు అదొక్కటే బెంగ.

హన్మంతు బావ, ఉత్తరం బావదే, కానీ రాత బావది కాదు, ఈ ఇంట్లో అక్షరం వచ్చింది ఆయనకూ తనకూ మాత్రమే, మొన్న తనే చదివి వినిపించింది, ఇక్కడ ఒక మగ్గం ఖాళీ అయింది, ఇంకొకరు రాకముందే తమ్ముణ్ణి పంపండి, అత్త రెండుసార్లు చదివించుకుంది, ఆశన్న, సూసినవా మా అన్నను, నన్ను మర్సిపోలే అన్నాడు, పోగు తెగింది, మళ్లీ బూడిద అద్దుకుంది, బండ మీద బొగ్గుతో తనకు ఓనమాలు దిద్దించిన మనిషి, తన పేరు తానే రాసుకుని తల వంచి చూసుకుని మురిసే మనిషి, సంతకం చోట వేలిముద్ర ఎందుకు వేశాడు, కలం పట్టే వేళ్లుంటే వేస్తాడా, మగ్గం ఊరికే ఖాళీ కాదు, చీర కోసినా కొసలు ఉంచుతారు, వాటికే కొత్త పడుగు అతుకుతారు, పుట్టింట్లో నాయన చచ్చిపోయిన నాడు, ఆ ఒక్కనాడే, కొసలన్నీ కోసి మగ్గం బోసి చేశారు, మనిషి పోవాలి, లేదా చెయ్యి పోవాలి, ఆ ఖాళీలోకి తమ్ముణ్ణి రమ్మంటున్నాడు, పాపం ఆయనకు మాత్రం ఇంకేం దారి, తిండి పెట్టేదెవరు.

ఆశన్న గడపలోకి తొంగిచూశాడు, తల నున్నగా దువ్వుకున్నాడు, పోయొస్త, ఏమన్న చెప్తవా అన్నాడు.

జర పైలం అంది సుగుణ.

ఎద్దుల గంటలు కదిలాయి, లేచి పరుగెత్తితే సందు మలుపులోనే అందుతుంది, వేళ్లు మాత్రం తర్వాతి పోగును వెతుక్కున్నాయి, షోలాపురంలో దీపం నూనె లేకుండా వెలుగుతుందట, గదికి కిటికీ ఉంటుందట, గంటల చప్పుడు సన్నబడింది, ఇప్పుడే కదా నాకు తట్టింది అనుకుంది, కాదు, చదువు రాకున్నా వేలిముద్ర గుర్తుపట్టని వాళ్లుండరు, మొన్న అత్త ఉత్తరం మీదికి వంగినప్పుడు ఆ ముద్ర మీద తన బొటనవేలు పెట్టి దాచింది తనే.