మా స్కూలు కుర్రాడు

ఎనిమిదో తరగతిలో నాగసాయి లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చినప్పుడు, అతణ్ణి తిట్టనిది లూయిస్ మాస్టారు ఒక్కరే. యానాంలో ఫాదర్లు నడిపే ఆ మగపిల్లల స్కూల్లో, పేద పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా పాఠాలు చెప్పేది ఆయనే.

"నేనూ ఫరంపేటలో చేపలమ్మే ఇంట్లోంచే వచ్చానురా. నీకు లెక్కలు రావని ఎవడన్నాడు?" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

రెండేళ్లు అలాగే చెప్పారు. సాయి తల్లి వీరవేణి, రొయ్యలు ఒలిచే షెడ్డు నుంచి ఇంటికెళుతూ ఒక్కోసారి స్కూలు వరండాలో ఆగేది. కొడుకు బోర్డు మీద లెక్క చేస్తుంటే కాసేపు చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేది.

పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టే రోజుల్లో మాస్టారు అడవిపొలం పేటలోని సాయి వాళ్లింటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వీణ్ణి ప్రైవేటుగా కట్టిద్దామమ్మా. మన స్కూలు తరఫున వద్దు."

"అదేంటండి మాస్టారూ? ఆడు బాగానే సదువుతున్నాడన్నారు గదండి!" అంది వీరవేణి.

"చదువుతున్నాడు. కానీ గ్యారంటీ లేదు. ఒక్కడు తప్పినా స్కూలుకి వంద శాతం రిజల్టు పోతుంది. ఫాదర్ గారు ఒప్పుకోవట్లేదు."

సాయి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "నేను పాసవుతానని మీరు చెప్పలేదాండి ఆయనకి?"

మాస్టారు నెమ్మదిగా, "తప్పుతారేమోనన్న పిల్లల్లో నీ పేరు ఇచ్చింది నేనేరా" అన్నారు.

మర్నాటి నుంచి సాయి సాయంత్రం పాఠాలకు వెళ్లలేదు. రమ్మని మాస్టారు కబురు పెట్టారు.

"సెప్తానంటన్నారు గదా, ఎల్లరా" అంది తల్లి.

"నేను తప్పుతానని అనుకుంటూనే చెప్తారమ్మా. ఆయన ఎదురుగా ఎలా కూచోను?"

ఇంట్లోనే చదివాడు. ఆయన నేర్పిన పద్ధతిలోనే లెక్కలు చేయాల్సి రావడం అన్నిటికంటే కష్టంగా ఉండేది. ప్లస్సు మైనస్సు గుర్తు మార్చడం మరిచిపోయిన ప్రతిసారీ ఆయన గొంతే వినిపించేది. పుస్తకం మూసేసి ఏడ్చేవాడు, మళ్లీ తెరిచేవాడు.

వేరే ఊళ్లో పరీక్ష రాశాడు. పాసయ్యాడు. లెక్కల్లో తొంభై మూడు వచ్చాయి.

వారం తిరక్కుండానే బస్టాండు దగ్గర స్కూలు వాళ్ల ఫ్లెక్సీ లేచింది. పేద పిల్లలకు అండగా నిలిచామని రాసి, కింద సాయి ఫోటో, పాఠాలు చెప్పిన మాస్టారి పేరు వేశారు. లూయిస్ మాస్టారు మళ్లీ ఇంటికి వచ్చారు.

"ఆదివారం సన్మానంరా. దాతలు వస్తున్నారు. నిన్ను చూస్తేనే కదా, ఇంకో నలుగురు పిల్లలకి సాయం చేసేది."

"నేను మీ స్కూలు తరఫున రాయలేదు కదండి."

"నా పరిస్థితి నీకు తెలీదు సాయీ..."

"ఫాదర్ గారు నమ్మకపోతే నాకేం అనిపించదండి. ఆయన నన్నెప్పుడు చూశారని? మీరు రోజూ చూశారు."

వీరవేణి లోపలి నుంచి వచ్చింది. "ఆ ఫోటో తీయించెయ్యండి బాబూ" అంది.

మాస్టారు తలూపి వెళ్లారు. ఫోటో తీయలేదు. సాయి లేకుండానే సన్మానం జరిగింది.

సాయి పాలిటెక్నిక్‌లో చేరాడు. ఒకరోజు బస్సు కోసం నిలబడితే, పక్కనున్న ఒకావిడ ఫ్లెక్సీ వైపూ అతని వైపూ చూసింది.

"నువ్వేగా బాబూ? మంచి మాస్టారు దొరికారు నీకు."

కాదనడానికి నోరు రాలేదు. "బాగా చెప్పేవారండి" అని, మొహం పక్కకి తిప్పుకున్నాడు.