లెకీ ఇంటికి ఒక పిల్ల

లెకీ పేరు వినగానే మూడో పిల్ల కూడా వాళ్ళమ్మ వెనక్కి జరిగింది. ఏదో పని గుర్తొచ్చినట్టు తల్లీకూతుళ్ళిద్దరూ రొట్టెల దుకాణం వైపు నడిచిపోయారు. హ్యూడీ గిల్డియా టోపీ తీసి, దాని అంచుల్లో నిలిచిన వాననీళ్ళు దులిపి, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. పొద్దున్నించీ నోరు ఆడిస్తూనే ఉన్నాడు. ఆ నోట్లోకి మాత్రం ఇన్ని టీ నీళ్ళు తప్ప ఏమీ పోలేదు.

మే నెల జీతగాళ్ళ సంత అది. కొండల మీంచి దిగిన పిల్లలు లెటర్‌కెన్నీ ఊరి పెద్దవీధి పొడుగునా గోడలకి ఆనుకుని నిలబడి ఉన్నారు, చంకలో తలా ఒక మూటతో. లాగన్ పల్లం నుంచి వచ్చిన రైతులు వాళ్ళ ముందు నుంచి తాపీగా నడుస్తూ, జబ్బలు తడిమి, అరచేతులు తిప్పి చూసి, "పాలు పితకడం వచ్చునా?" అని అడుగుతున్నారు. ఆర్నెల్ల జీతానికి ఆడపిల్లయితే ఏడు పౌన్లు. గట్టిగా అడిగే తల్లి పక్కనుంటే ఎనిమిది. అదీ ఆర్నెల్లూ నిండాకే. మధ్యలో పారిపోయినా, జబ్బుపడి తిరిగొచ్చినా చేతికి వచ్చేది సున్నా.

ఈ రెండు వరసల మధ్యా తిరిగేవాడు హ్యూడీ. బేరగాడు. రైతు ఒక ధర, తల్లి ఒక ధర చెప్పి చెరోవైపూ మొహాలు తిప్పుకునే సమయానికి ఎక్కడినుంచో ఊడిపడి, "పది షిల్లింగుల కాడ విడిపోతారేంటండీ, నవ్విపోతారు జనం!" అంటూ ఇద్దరి చేతులూ అందుకునేవాడు. తేడాని సగానికి విరిచి, ఈ చేతిని ఆ చేతిలో ఛెళ్ళున కొట్టించేవాడు. చెయ్యీ చెయ్యీ తగిలాయంటే బేరం అయిపోయినట్టే. పదిమంది చూస్తుండగా కొట్టిన చేతిని మళ్ళీ వెనక్కి తీసుకున్న ఇల్లు ఆ జిల్లాలో లేదు. ఆ పైన రైతు ఒక షిల్లింగు బయానా ఇస్తాడు, పిల్ల మూట రైతు బండిలోకి పోతుంది. కట్టుబట్టలు బండెక్కాక పిల్ల మాత్రం ఎక్కడికి పారిపోతుంది?

హ్యూడీ నాలుక గురించి ఆ కొండల్లో చాలా చెప్పుకుంటారు. గంటలు కొట్టే గడియారాన్ని ఓ చెవిటివాడికి అంటగట్టాడట. ఆ చెవిటివాడు మర్నాడు పనిగట్టుకుని వచ్చి, గంట ఎంత కమ్మగా మోగుతోందో అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళాడట. ఇంకోసారి సంతలోనే గుర్రం చచ్చిపడితే, "దీనికింక మేత ఖర్చుండదు" అని దానికీ బేరం పెట్టాడట. కొనేవాడు కూడా రెండు షిల్లింగులు తగ్గించమన్నాడు గానీ, వద్దనలేదట. వీటిలో నిజమెంతో హ్యూడీకే తెలియదు. సగం తను పుట్టించినవే గదా.

ఎవరూ కథలు కట్టని సంగతి ఇంకొకటి ఉంది. కొండవాళ్ళకి ఇంగ్లీషు రాదు, లాగన్ రైతులకి కొండభాష రాదు. హ్యూడీకి రెండూ వచ్చు. అతను తల్లితో ఒక మాట, రైతుతో ఒక మాట చెప్పేవాడు. రెండు మాటలూ విని పోల్చి చూసే నాథుడు వీధిలో ఉండేవాడు కాదు. మంచి ధర ఇప్పిస్తానని తల్లి దగ్గర చుట్టముక్కా, తక్కువకి తెస్తానని రైతు దగ్గర షిల్లింగూ, ఇలా ఇరవై ఏళ్ళు గడిచింది.

ఈ పూట మాత్రం గడవడం లేదు.

పొద్దున్నే లాగన్ రైతు సామ్సన్ లెకీ బండి దిగి, గొడుగు తెరిచి, తేల్చి చెప్పేశాడు.

"ఏమోయ్ హ్యూడీ, నీ బంగాళాదుంపల నేల పోయిందటగా?"

"ఆ నేల ఆసామీ గొడ్ల గడ్డికి వదిలేశాడండీ. విత్తనం దుంపలు ముక్కలు కోసి పెట్టుకున్నాం. వారం దాటితే ఎండిపోద్ది."

"నా వాగు పక్క అరెకరం ఉంది. ఎరువు కూడా తోలించాను. ఈ ఏడాదికి నువ్వు నాటుకో, కౌలు వద్దు. నాకో పిల్ల కావాలి. గట్టి పిల్ల. ఆరు పౌన్లకి. సాయంత్రం బండి కదిలే లోపల."

కౌలు లేని అరెకరం! ఇంట్లో భార్య ఊనా, కూతురు నాబ్లా, తను. ఆ అరెకరం ఉంటే వచ్చే వేసవి దాకా రోజూ పొయ్యి మీద కుండ ఉడుకుతుంది. లేకపోతే కుండలో వేసేది లేదు. ఒక్క పిల్ల, ఒక్క చెయ్యి, అంతేగదా అనుకున్నాడు హ్యూడీ. వీధి మొదట్లోకి వచ్చేసరికే లెకీ పేరు తనకన్నా ముందు వీధంతా తిరిగొచ్చిందని అర్థమైంది.

పెగ్గీ బోనర్ తన కూతురు సీలీని పట్టుకుని తాళ్ళ దుకాణం గోడ దగ్గర నిలబడి ఉంది. మొగుడు పోయి రెండేళ్ళయిన మనిషి. ఆమె అయితే వింటుందని హ్యూడీ మొహాన నవ్వు తగిలించుకుని దగ్గరికి పోయాడు.

"ఏం చెల్లెమ్మా, వానలో తడిపేస్తున్నావు పిల్లని! చూడు, ఎంత పొడుగు సాగిందో. మొన్నేగా కోడిపిల్లల వెనకాల పరిగెత్తింది."

"పొడుగు సంగతికేం గానీ అన్నా, ఎవరింటికో చెప్పు."

"చెప్తాను, చెప్తాను. ముందు తిండి సంగతి విను. పొద్దున గంజి, మధ్యాహ్నం మాంసం..."

"ఎవరింటికి?"

"...రొట్టెకి రెండువైపులా వెన్న..."

"రెండువైపులా వెన్న రాస్తే ఎక్కడ పట్టుకుని తింటారన్నా?" అంది పెగ్గీ. పక్కనున్న ఆడాళ్ళు కిసుక్కున నవ్వారు. "లెకీ ఇంటికేగా?"

హ్యూడీ గొంతు తగ్గించాడు. "జనం సవాలక్ష అంటారమ్మా. నువ్వు భయపడ్డంలో తప్పులేదు. నేనైనా భయపడతాను." ఇది అతని పాత ఎత్తు. ఎదుటివాళ్ళ భయాన్ని ముందు తనే నెత్తికెత్తుకోవడం. "కానీ దగ్గరుండి చూసినవాణ్ణి గదా. దొర పైకి కోపిష్టి గానీ..."

"రోజ్ మెక్‌ఫాడెన్ని కూడా ఆ ఇంటికి నువ్వేగా కుదిర్చావు?"

హ్యూడీ టోపీ అంచు కిందకి లాక్కున్నాడు.

"నవంబరు సంతలో. ఇక్కడే, ఈ గోడ దగ్గరే. వాళ్ళమ్మతో ఇదే వెన్న చెప్పావు. గొడ్లసావిడి అటక మీద పడుకోబెట్టారు దాన్ని. తడిసిన బట్టలు తడిసినట్టే ఉంచి మంచులో టర్నిప్పు దుంపలు పీకించారు. ఫిబ్రవరిలో బండి మీద ఇంటికి తెచ్చి పడేశారు. జీతం సున్నా. ఇప్పుడు పొయ్యి పక్కన పడుకుని రక్తం కక్కుతోంది. ఒక్కసారైనా వెళ్ళి చూశావా అన్నా?"

చూడలేదు. ఆ గుడిసె హ్యూడీ ఇంటికి అరమైలు. ఫిబ్రవరి నించీ ఆ దారి మానేసి గుట్ట చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

"అది పుట్టుకతోనే బలహీనపు పిల్ల," అన్నాడు.

"అట్టాగా." పెగ్గీ శాలువా సర్దుకుంది. గొంతు పెంచకుండానే వరసంతా వినబడేలా అంది, "ఇల్లంత మంచిదైతే నీకూ ఉందిగా పిల్ల. బలమైన పిల్ల. దాన్ని పంపరాదూ?"

"అద్దీ!" అని ఎవరో కేకేశారు. "రెండువైపులా వెన్న నాబ్లా తింటది!" అని ఇంకెవరో. నవ్వులు పుట్టాయి. వానలో పొద్దున్నించీ నిలబడిన జనానికి అదొక్కటే వేడి.

ఖర్మ కాలి నాబ్లా అప్పుడే వచ్చింది. నెలంతా తనూ తల్లీ అల్లిన మేజోళ్ళు దుకాణంలో వేసి, వాటికి బదులు ఇచ్చిన టీ పొట్లం, పంచదార పొట్లం శాలువా కింద దాచుకుని తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. పంతొమ్మిదేళ్ళది. జబ్బపుష్టి తల్లిది, కళ్ళలో చిలిపితనం తండ్రిది. జనం తననే ఎందుకు చూస్తున్నారో తెలియక నిలబడిపోయింది.

సామ్సన్ లెకీకి కొండభాషలో జరిగిన గొడవ ఒక్క ముక్క తెలియదు. గొడుగు కింద నుంచి వచ్చి నాబ్లా చేతుల వంక చూశాడు.

"ఎవరీ పిల్ల?"

"మా అమ్మాయండీ."

"మరి పొద్దున్నించీ ఊరంతా ఎందుకు తిరుగుతున్నావు? ఈ పిల్లనే ఇయ్యి. ఆరు పౌన్లు, అరెకరం."

బేరగాడు తనవాళ్ళ బేరంలో చెయ్యి పెట్టకూడదని ఆ సంతలో ఒక కట్టు ఉంది. దాన్ని ఎవరూ నేర్పలేదు, ఎవరూ తప్పలేదు. తండ్రికి బాగా మాట్లాడటం చేతకాక ఆ కట్టు పుట్టిందో, మరీ బాగా మాట్లాడతాడని పుట్టిందో! హ్యూడీకి అది గుర్తొచ్చింది. గోనెలో ఎండుతున్న విత్తనం ముక్కలు కూడా గుర్తొచ్చాయి. వీధంతా వింటోంది. ఇప్పుడు కాదంటే పెగ్గీ అన్నదంతా ఒప్పుకున్నట్టే, నవంబరు నించి అతని మాట మీద ఒక్క చెయ్యీ లేవదు. అవునంటే...

కూతురి మోచెయ్యి పట్టుకుని జీనుల దుకాణం చూరు కిందకి తీసుకుపోయాడు.

"నాబ్లా, నువ్వు తెలివైనదానివి. చిన్నప్పట్నించీ అంతే..."

"మొదలెట్టావా నాన్నా," అంది నాబ్లా.

"ఏంటి మొదలెట్టేది?"

"ముందు మెచ్చుకుంటావు. తర్వాత, నువ్వు భయపడ్డంలో తప్పులేదంటావు. తర్వాత తిండి. ఆ తర్వాత కాసేపు ఊరుకుంటావు, ఆ ఊరుకోవడానికి ఎదుటోళ్ళు తట్టుకోలేక సరేనంటారు. పొయ్యి దగ్గర కూచుని ఎన్నిసార్లు చెప్పలేదు? నేను పడీ పడీ నవ్వేదాన్ని."

హ్యూడీ నవ్వబోయాడు. పెదాలు కదిలాయిగానీ నవ్వు రాలేదు.

"ఆర్నెల్లేనమ్మా. కళ్ళు మూసి తెరిస్తే అయిపోద్ది. నేను వారం వారం వచ్చి చూస్తాను."

"రోజ్‌ని చూసినట్టా?"

"దానికీ నీకూ పోలికేంటే! నీ జోలికొస్తే నేనూరుకుంటానా? లెకీ నా మాట కాదనడు."

"నాన్నా, నేను రోజూ పోతున్నాను దాని దగ్గరికి. నువ్వు గుట్ట చుట్టూ తిరిగొస్తావే, ఆ టైముకి నేను వాళ్ళ పొయ్యి దగ్గరుంటాను. మొన్న దాని అన్న మనిషి పొడుగు చెక్క పెట్టె తెచ్చి అటక మీద పెట్టాడు. దానికి తెలీకూడదని మీద గడ్డి కప్పాడు. అది అటకనే చూస్తా పడుకుంటది. దానికి తెలుసు."

హ్యూడీ వీధి వైపు చూశాడు. లెకీ గడియారం తీసి చూసుకుంటున్నాడు.

"నేల లేదే," అన్నాడు చివరికి. ఆ రెండు మాటల్లో ఎత్తేమీ లేదు. "నేల లేదు నాబ్లా. మీ అమ్మ ఏం తింటదే? మేజోళ్ళు అల్లితే దుంపలొస్తాయా?"

 నాబ్లా శాలువా కింద పంచదార పొట్లం తడవకుండా ఇంకాస్త లోపలికి జరుపుకుంది.

"నాకు తెలీదు నాన్నా."

ఆ తెలియకపోవడాన్నే హ్యూడీ సరే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి. జవాబు లేని మనిషిని మెత్తబడిన మనిషి కింద లెక్కేయడమే అతని విద్య. భుజం మీద చెయ్యేసి వీధిలోకి నడిపించాడు. ఆమె నడిచింది. జనం దారి ఇచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెగ్గీ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఒప్పుకుందండీ," అన్నాడు ఇంగ్లీషులో. "ఆరు పౌన్లకే. ఎంత పనైనా చేస్తది. నోట్లో నాలుక లేని పిల్ల. తిరిగి ఒక్క మాట అనదు."

అన్నాక గుర్తొచ్చింది. దుకాణంలో మేజోళ్ళు వేసి వేసి నాబ్లాకి ఇంగ్లీషు వచ్చు. వీధి మొత్తంలో, రైతుతో అన్న ఆ రెండో మాట అర్థమైన కొండ మనిషి ఆమె ఒక్కతే.

నాబ్లా అతని వంక చూడలేదు. లెకీ అరచెయ్యి చాచాడు. వాన చినుకులు అందులో పడుతున్నాయి. హ్యూడీ ఎడంచేత్తో లెకీ మణికట్టూ, కుడిచేత్తో కూతురి మణికట్టూ అందుకున్నాడు. ఎన్ని వందల చేతులు ఇలా పట్టుకున్నాడో. చలికి కొంకర్లు పోయిన చేతులు, వణికే చేతులు, చెమట చేతులు. దగ్గరికి తెచ్చాడు.

నాబ్లా వేళ్ళు ముడుచుకుంది.

అతను బొటనవేలితో ఆమె వేళ్ళ సందున తడిమాడు. చాలామంది పిల్లలు చివరి క్షణంలో ఇలా ముడుస్తారు. చిటికెనవేలు దగ్గర మొదలుపెడితే ఒక్కొక్కటే విడిపోతాయి. చిటికెనవేలు లాగాడు. రాలేదు.

"తియ్యమ్మా," అన్నాడు మెల్లగా. "జనం చూస్తున్నారు."

"చూడనీ."

"నాబ్లా..."

"మనం ఏం తింటామో నాకు తెలీదు నాన్నా. అడుక్కుంటామేమో. ఆ ఇంటికి మాత్రం నేను పోను." ఆ పైన లెకీ వైపు తిరిగి ఇంగ్లీషులో, ప్రతి మాటా విడదీసి అంది. "మీ ఇంటికి నేను రాను. రోజ్ చచ్చిపోతోంది."

లెకీ మొహంలో రంగు మారింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, తడిని కోటుకి తుడుచుకున్నాడు.

"ఆ నేల ఇంకెవరికైనా ఇస్తాను హ్యూడీ," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "పిల్లదేముంది, నవంబరులో దొరుకుతుంది. అప్పటికి మీ కొండమీద ఆకలి ఇంకాస్త ముదురుతుందిగా."

గొడుగు జనం తలల మీదుగా బండి వైపు వెళ్ళిపోయింది. పెగ్గీ సీలీని దగ్గరికి లాక్కుంది. కిందివీధిలో ఇంకో బేరం కుదిరినట్టుంది, ఛెళ్ళుమని చేతుల చప్పుడు వినపడింది. ఆ రైతు ఎవరో, ఆ పిల్ల ఎవరో.

హ్యూడీ రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. అతని రెండు చేతుల మధ్యా కూతురి పిడికిలి ఉంది. దాన్ని విప్పే ప్రయత్నం చెయ్యడం లేదు. వదలడం లేదు. అతను ఏదైనా మాట్లాడతాడేమోనని జనం కాసేపు చూశారు, ఆ తర్వాత వానకి ఒక్కొక్కరే గోడల దగ్గరికి వెళ్ళిపోయారు.