మణికట్టు దాకా

"మణికట్టు దాకా ఉండాలమ్మా. త్రీ ఫోర్త్ కాదు, మణికట్టు దాకా. ఒకసారి ఫోను ఆవిడకివ్వు, నేనే చెప్తాను."

స్పీకర్‌లో స్నిగ్ధ గొంతు వినగానే రజిని టేపు మెడలో వేసుకుని నవ్వింది. తార్నాకలో మా సందు మొదట్లోనే ఆమె కుట్టు దుకాణం. చాలా ఏళ్లుగా నా జాకెట్లన్నీ ఆమే కుడుతోంది కాబట్టి నా కొలతలు చూసుకోవాల్సిన అవసరం ఆమెకు లేదు.

"అమ్మవి నేనెప్పుడు పొట్టిగ కుట్టిన బిడ్డా? ఫికర్ చెయ్యకు" అంది. ఫోను పెట్టేశాక మాత్రం నా వైపు తిరిగి, "గానీ మేడం, మే నెల, సముద్రం కాడ, పట్టు జాకెట్టు, లోపల లైనింగు, గింత పొడుగు చేతులు. ఉడికిపోతరు. ఎవలిది పెండ్లి?" అంది.

"ఆ ఫోన్‌లో మాట్లాడిన పిల్లదే" అన్నాను.

స్నిగ్ధ మా ఒక్కతే కూతురు. పెళ్లి భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున, సాయంత్రం ముహూర్తం. ఎవరెవరు ఏం కట్టుకోవాలో పిల్లలే నిర్ణయించి అందరికీ పంపించారు. మగవాళ్లకి లేత రంగు లినెన్, ఆడవాళ్లకి ఇసుక రంగో లేత నీలమో పట్టు, జరీ ఎక్కువ ఉండకూడదు, ఎత్తు మడమల చెప్పులు వద్దు ఇసుకలో దిగబడతాయి. ఇంట్లో ఆ బట్టల బాధ్యత ఎవరూ నాకు అప్పగించలేదు, ఎవరూ అప్పగించకుండానే అది నాదైంది. మా ఆయన రఘువీర్‌కి లినెన్ ముడతలు నచ్చవు, దానికి గంజి పెట్టించాలి. మా అత్తగారు విశాలాక్షమ్మకి కొత్త చీర గరగరలాడకూడదు, ముందే ఉతికి మెత్తబరచాలి. ఆడపడుచు మొగుడికి పంచె అంచు సరిచేయించాలి. పొద్దున్న యూనివర్సిటీలో క్లాసులు, సాయంత్రం ఈ బట్టల మూటలు. నేనేం కట్టుకోవాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు. నా చేతులు ఎంతవరకు కప్పాలన్నదొక్కటే అందరికీ కావాలి.

నాకు బొల్లి. స్నిగ్ధ నర్సరీలో ఉండగా ఎడమ మోచేతి దగ్గర మొదలైంది. మెల్లగా ముంజేతుల మీదికి, మెడ పక్కకి, కుడిచేతి వేళ్ల మీదికి పాకింది. అంటుకునేది కాదని డాక్టర్ చెప్పినప్పుడు రఘువీర్ పక్కనే ఉన్నాడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మకి ఆ మాట చెప్పలేదు. ఆవిడ తన పద్ధతిలో ఒక ఏర్పాటు చేసింది. "వంట నువ్వే చెయ్యి సుధా, నీ చేతి పులుసు ఎవరికీ రాదు. వడ్డించడానికి మాత్రం రాకు, కొత్తవాళ్లకి ముద్ద దిగదు." అలా నేను వండిన పులుసూ కూరలూ గారెలూ ఇన్నేళ్లూ మా ఆడపడుచు చేతుల మీదుగా విస్తళ్లలోకి వెళ్లాయి. తలుపు వెనక నుంచి మెచ్చుకోళ్లు వినేదాన్ని. రఘువీర్ అయితే కసిరేవాడు కాదు. "ఫొటోలో అటు చివర నిలబడు, నీకే ఇబ్బంది లేకుండా ఉంటుంది" అనేవాడు. నా ఇబ్బంది గురించి అంత శ్రద్ధ ఉన్న మనిషిని ఏమనాలో నాకు తెలిసేది కాదు.

డిపార్ట్‌మెంట్‌లోనూ అదే ఏర్పాటు, భాష మాత్రం మర్యాదగా ఉంటుంది. బయటి నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే రిపోర్టంతా నేను రాస్తాను. స్టేజి మీద చదవడానికి "దిలీప్ గారైతే బావుంటుంది మేడం, మీరు అలిసిపోయారు" అంటారు. ప్రాక్టికల్స్ అంటే మిగతావాళ్లు తప్పించుకుంటారు, నేను అడిగి తీసుకుంటాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏప్రన్, గ్లోవ్స్ అందరికీ తప్పనిసరి. అక్కడ నేను అందరిలాగే ఉంటాను.

రజిని దుకాణానికి వెళ్లొచ్చిన వారంలోనే సుకన్యగారు యూనివర్సిటీకి వచ్చారు. ఆవిడ సాత్విక్ తల్లి, మాకు కాబోయే వియ్యపురాలు. రామంతాపూర్‌లో ఒక స్కూల్లో తెలుగు చెప్తారు. వాళ్ల తరఫున నాకు పెట్టే చీర తనే స్వయంగా ఇవ్వాలని వచ్చానన్నారు. ప్రాక్టికల్ అప్పుడే అయిపోయింది, పిల్లలు పరీక్ష నాళికలు కడుగుతున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, బల్లలూ సీసాల అరలూ గుడిలోకి వచ్చినట్టు చూశారు.

"ఇక్కడేనా వదినగారూ, జరిగింది?"

నాకు అర్థం కాలేదు. "ఏది?"

"అదే, యాసిడ్." ఆవిడ గొంతు తగ్గించారు. "స్నిగ్ధ అంతా చెప్పింది. ఎవరో అమ్మాయి చేతిలోంచి సీసా జారితే మీరు అడ్డం వెళ్లి ఆ పిల్లని తోసేశారట కదా. మీ చేతుల మీద పడిందట. మీ ముందు ఎత్తొద్దంది, మీకు బాధని. కానీ నేను అనకుండా ఉండలేను. మా వాళ్లందరికీ చెప్పాను, మా వియ్యపురాలు అలాంటి మనిషి అని."

ఆవిడ నా కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. గ్లోవ్స్ అప్పుడే తీసేసి ఉన్నాను. వేళ్ల మీది తెల్లని మచ్చల్ని బొటనవేలితో నిమిరారు.

"మీరు నిండు చేతుల జాకెట్టు వేసుకోనక్కర్లేదు వదినగారూ. ఆ ఉక్కలో ఎందుకు? ఇవి దాచుకోవాల్సిన మచ్చలా చెప్పండి."

పైపుల్లోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాటలు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నాయి. నేను పాఠం చెప్పే ల్యాబ్‌లో ఇంతవరకూ ఒక్క పిల్లకి వేలు కాలలేదు. సీసా ఎలా పట్టుకోవాలో నేర్పకుండా ఎవరినీ బల్ల దగ్గరికి రానివ్వను. నా జీవితంలో నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని చోటు అదొక్కటే. నా కూతురు సరిగ్గా అక్కడే యాసిడ్ ఒలకబోసింది. యాసిడ్ పడితే చర్మం ముడుచుకుపోతుంది. నాది నున్నగా ఉంది, రంగొక్కటే పోయింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఆవిడ ఇంకా నా చెయ్యి వదల్లేదు. ఎన్నో ఏళ్లుగా ఆ చేతిని ఎవరూ అలా పట్టుకోలేదు. గౌరవంగా అసలే పట్టుకోలేదు. "టీ తాగుతారా వదినగారూ?" అన్నాను.

ఆ సాయంత్రం ఆటో తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ దాకా వెళ్లిపోయాక గాని నేను దిగాల్సిన చోటు వెనకపడిందని తెలియలేదు.

ఇంటికి వెళ్లేసరికి రఘువీర్ లినెన్ కుర్తా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అత్తగారు మంచం మీద కూర్చుని భుజాలు సరిపోయాయో లేదో చూస్తున్నారు.

"నా చేతుల మీద యాసిడ్ పడిందని మీకు తెలుసా?" అని అడిగాను.

అద్దంలో ఆయన కళ్లు ఒక్కసారి నన్ను చూసి పక్కకి తిరిగాయి. "స్నిగ్ధ చెప్పిందిలే. సంబంధం అనుకునేటప్పుడే. దాంట్లో తప్పేముంది సుధా? బొల్లి అంటే పిల్లకీ వస్తుందా అని వంద ప్రశ్నలు. యాసిడ్ అంటే ఎవరూ ఏమీ అడగరు."

"పైగా నీకే పేరు" అన్నారు అత్తగారు. "ఎవరినో కాపాడావని ఆవిడ నాతోనూ అంది. నేను కాదనలేదు."

వంటింట్లోకి వెళ్లి బియ్యం కడుగుతూ నిలబడిపోయాను. కోపం ఇంకా రాలేదు. నా ఒంటి గురించి నాకు తప్ప ఇంట్లో అందరికీ ఒక కథ తెలుసు. ముగ్గురూ నెలల తరబడి దాన్ని మోస్తూ, నేను పెట్టిన అన్నం తింటూ, నా ముందు మామూలుగా తిరిగారు. బొల్లి వచ్చిన ఆడది వడ్డించకూడదు. అదే మచ్చ ఇంకొకరి కోసం కాలితే వచ్చినదైతే వేదిక ఎక్కొచ్చు. నొప్పి పడితేనే నాకు మర్యాద. నొప్పి లేకుండా ఊరికే ఇలా ఉండటానికి మాత్రం వీల్లేదు.

ఆదివారం పొద్దున్న స్నిగ్ధ గచ్చిబౌలి నుంచి వచ్చింది. ఉద్యోగం అక్కడే కావడంతో స్నేహితురాళ్లతో ఫ్లాట్‌లో ఉంటోంది. నేను అడగాల్సినవన్నీ మనసులో వరసగా పెట్టుకుని ఉన్నాను. గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"సుకన్యగారు ల్యాబ్‌కి వచ్చారు. ఇక్కడేనా జరిగింది అన్నారు."

దాని మొహం పాలిపోయింది.

"నేను నీకు అంత సిగ్గు తెప్పించానా స్నిగ్ధా?"

"నీ గురించి కాదమ్మా."

"మరి?"

అది టీషర్టు మెడ పట్టుకుని కిందికి లాగింది. ఎడమ మెడ ఎముక కింద, గోరంత, తెల్లగా. వెనక్కి తిరిగి భుజం చూపించింది. అక్కడ ఇంకొకటి.

"ఎవరైనా చూశారా?" అన్నాను.

అది నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట. ఎప్పుడొచ్చిందని అడగలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లావా అని అడగలేదు, దగ్గరికి తీసుకోలేదు. నా గొంతు నాకే వినిపించింది. ఇంతకాలం నా చుట్టూ ఉన్నవాళ్లందరిలో ఉందనుకున్నది నా నాలుక మీదే కూర్చుని ఉంది.

"ఇంకా లేదు" అంది స్నిగ్ధ. "జనవరిలో వచ్చింది. నా పెళ్లి జాకెట్టుకి మెడ దాకా నెట్ పెట్టించాను చూడు, అందరూ ఫ్యాషన్ అనుకున్నారు. అమ్మకి బొల్లి అంటే వాళ్లు నా ఒంటి మీద కూడా వెతుకుతారమ్మా. అందుకని యాసిడ్ అన్నాను. నీ కోసం కాదు, నాకోసమే. నువ్వు ఇన్నేళ్లు ఎలా బతికావో చూశాను కదా. నేనట్లా బతకలేను."

అప్పుడు దగ్గరికి తీసుకున్నాను. అది చిన్నప్పటిలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ భుజం మీది మచ్చ మీద చెయ్యి వేశాను. నా వేళ్ల రంగే. దాన్ని తిట్టడానికి వరసగా పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. కానీ దాన్ని కప్పిపుచ్చమని చెప్పడానికీ నోరు రాలేదు. సముద్రం ఒడ్డున పెళ్లి అయిపోతుంది, ఆ తర్వాత రోజూ ఎవరి కంటా పడకుండా బట్టలు మార్చుకోవడం, వేసవిలో ఉడికిపోవడం, ఫొటోలో చివర నిలబడటం. ఆ దారి నాకు బాగా తెలుసు.

"నీ ఒంటి సంగతి నీది" అన్నాను. "చెప్తావో మానేస్తావో నేను బలవంతం చెయ్యను. నా చేతుల మీద మాత్రం పడని యాసిడ్ ఉండటానికి వీల్లేదు. ఆవిడకి ఇప్పుడే చెప్తున్నాను."

"అమ్మా, వద్దు."

ఫోను తీసేసరికి తలుపు తోసుకుని రఘువీర్ వచ్చాడు. బయట నిలబడి విన్నట్టున్నాడు. "ఏం చేస్తున్నావో తెలుస్తోందా? కార్డులు పంచేశాం."

"తెలుస్తోంది. మీరు కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియనట్టు మంచం చివర కూర్చున్నాడు.

సుకన్యగారు ఎత్తగానే స్పీకర్ పెట్టాను. నేను మాట చుట్టూ తిప్పలేదు. "వదినగారూ, ల్యాబ్‌లో ఏ ప్రమాదమూ జరగలేదు. నేను ఎవరినీ కాపాడలేదు. నాకున్నది బొల్లి. మొన్న మీరు చెయ్యి పట్టుకున్నప్పుడే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

ఆవిడ నెమ్మదిగా, "మరి స్నిగ్ధ అలా ఎందుకు చెప్పిందండీ?" అన్నారు.

దానికి జవాబు నాది కాదు. స్నిగ్ధ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఆంటీ, నేను స్నిగ్ధని. నాకూ ఉంది. రెండు మచ్చలు."

"ఒక్క నిమిషం ఉండమ్మా, స్టవ్ కట్టేసి వస్తాను" అన్నారావిడ. ఆ నిమిషం మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తిరిగొచ్చాక ఆవిడ గొంతులో మునుపటి చనువు తగ్గింది. "సాత్విక్‌కి తెలుసా?" అన్నారు. తెలియదని స్నిగ్ధ చెప్పింది. "ముందు వాడికి చెప్పు" అని పెట్టేశారు.

సాత్విక్ ఆ సాయంత్రమే వచ్చాడు. ఇద్దరూ యూనివర్సిటీ వైపు నడుస్తూ వెళ్లి చీకటి పడుతుండగా తిరిగొచ్చారు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను పెట్టిన పెసరట్టు తింటూ, "నాకు బాధ మచ్చలకి కాదాంటీ" అన్నాడు. "ఇన్ని నెలలు నా పక్కన కూర్చుని భయపడుతూనే ఉందట. నేను కనిపెట్టలేకపోయాను." స్నిగ్ధ అతని ప్లేట్‌లో ఇంకో అట్టు వేసింది. ఇద్దరి మధ్యా ఇంకా గొడవ ఉందని తెలుస్తూనే ఉంది, అయినా పక్కపక్కనే కూర్చున్నారు.

సుకన్యగారి నుంచి కొన్నాళ్లు ఫోను లేదు. ఇంట్లో రఘువీర్ నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అత్తగారు దేవుడి ముందు కూర్చుని నాకు వినబడేలా నిట్టూర్చారు. ఇంటికొచ్చిన చుట్టాలకి ఆ వారం నేనే వడ్డించాను. ఒకావిడ నా వేళ్లు చూసి ప్లేటు కాస్త వెనక్కి లాక్కుంది. మిగతావాళ్లు తిన్నారు.

చివరికి ఒక మధ్యాహ్నం, ల్యాబ్‌లో సీసాలు అరల్లో సర్దుతుండగా సుకన్యగారే ఫోను చేశారు.

"పెళ్లి ఆగదు వదినగారూ. వాడు ఆగనివ్వడు. నాకే ఇంకా మనసు కుదుటపడలేదు, మీ దగ్గర దాచను. రాత్రిళ్లు ఏవేవో ఆలోచనలు. అదలా ఉంచండి. మా ఆడపడుచులు, తోడికోడళ్లు అందరూ భీమిలి వస్తున్నారు. మీ చేతుల మీద యాసిడ్ పడిందని వాళ్లందరికీ నేనే చెప్పి ఉన్నాను. ఇప్పుడేమని చెప్పను?"

"ఏమీ పడలేదని చెప్పండి" అన్నాను. "నేను పొట్టి చేతుల జాకెట్టే వేసుకుంటున్నాను వదినగారూ. మిగతాది వాళ్లే చూస్తారు."