కిటికీకి కట్టిన పేరు

జగ్గయ్య మేస్త్రి వంటింటి కిటికీ మీద బొగ్గుముక్కతో ఇంటూ గుర్తు గీసి వెళ్లిన సాయంత్రం కూడా భాగ్యరేఖ ఆ కిటికీ ముందే నిలబడి బియ్యం కడిగింది. మొదటి కడుగు నీళ్లని ఊచల్లోంచి చెయ్యి చాపి బయట కరివేపాకు మొక్కకి పోసింది. ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యి అడక్కుండానే చేసుకుపోతున్న పని అది. ఎల్లుండి పొద్దున్న ఆ కిటికీని ఇటుకలతో మూసేస్తారు. ఇవతలి వైపు నేల నుంచి కప్పు దాకా పొడవాటి అలమర వస్తుంది. మొక్కకి నీళ్లెవరు పోస్తారో ప్లాన్‌లో రాసి లేదు.

ప్లాన్ గీసింది ఆమె భర్త తిరుమలరావు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా చేసి జూన్‌లో రిటైరయ్యాడు. ముప్పై ఆరేళ్లు మిషన్లు విప్పి బిగించిన మనిషికి ఉన్నట్టుండి చేతులు ఖాళీ అయిపోతే ఏం చేస్తాడు? ఇల్లు విప్పడం మొదలుపెట్టాడు. ప్లాంటు పక్క ఖుర్సీపార్ బస్తీలో వాళ్ల నాన్న కట్టించిన ఆ చిన్న ఇంటి మీద పడి, ఫోన్లో వీడియోలు చూసి, గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీతలు గీసి, ఒక రోజు భోజనాల దగ్గర పరిచాడు.

"ఓపెన్ కిచెన్ భాగ్యా! హాలుకీ వంటింటికీ మధ్యన గోడుండదు. నువ్వక్కడ వండుతుంటే నేనిక్కడ సోఫాలో కూకునే మాటాడొచ్చు."

"మరి కిటికీ?" అందామె, కాగితంలో దాని చోటు వెతుక్కుంటూ.

"కిటికీ ఎందుకే? చిమ్నీ పెడతన్నాం కదా, పొగంతా అదే లాగేస్తాది. అయినా ఆ కిటికీలోంచి వచ్చేదేటి, ప్లాంటు నల్ల దుమ్ము తప్ప!"

రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురికి ఫోన్ చేస్తే అది ఇంకో మెట్టు ఎక్కింది. "మమ్మీ, ఓపెన్ కిచెన్ హీ అచ్ఛా లగ్తా హై. అదే బాగుంటుంది. నీకేమీ తెలీదు, డాడీని చేయనీ నా." ఆ పిల్ల చివరిసారి ఆ వంటింట్లో పది నిమిషాలు నిలబడింది ఎప్పుడో ఎవరికీ గుర్తు లేదు.

నల్ల దుమ్ము మాట నిజమే. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ దుమ్ము తుడిచేది ఎవరో తిరుమలరావుకి తెలియాల్సిన అవసరం రాలేదంతే. కానీ ఆ కిటికీలోంచి ఇంకా ఏమేం వచ్చేవో అతనికి చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. పక్కింటి లూసీ చెయ్యి వచ్చేది, గిన్నె పట్టుకుని. "వదినా, చేపల పులుసు. ఉప్పు కాస్త ఎక్కువైంది, నువ్వు తిడతావని ముందే చెప్తన్నా." ఖాళీ గిన్నె వెనక్కి వెళ్లకూడదని భాగ్యరేఖ అందులో గుప్పెడు వేరుశనగలో, నాలుగు గారెలో వేసేది. కూరగాయల బండివాడి హిందీ కేక వచ్చేది. చీకటిపడే వేళకి, ప్లాంటులో నిప్పులాంటి స్లాగ్ మడ్డి పారబోసినప్పుడల్లా ఆకాశం అంచు ఎర్రగా వెలిగి, ఆ వెలుగు వచ్చి గిన్నెల మీద, ఆమె ముంజేతుల మీద, అన్నం వార్చిన గంజి మీద పడేది. ఆ కాసేపు ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. ఎక్కడికెక్కడికో వెళ్లి వచ్చేది. తను చూడని ఊళ్లలో మెట్లున్న వీధులు ఎక్కేది, చిన్నప్పుడు సగంలో మానేసిన పాట అందుకునేది, ఒక్కోసారి ఏమీ ఆలోచించకుండా అలా తేలుతూ ఉండిపోయేది. కొత్తగా కాపరానికొచ్చినప్పుడు అత్తగారు నూకమ్మ అనేది, "కిటికీకాడ నిలబడి ఏటి సూత్తన్నావే? కూర అడుగంటుతంది." ఏమీ లేదత్తమ్మా అనేది పైకి. అన్నీ అనుకునేది లోపల.

ఇల్లు మారుతోంది. హాలుకి ఫాల్స్ సీలింగ్ వచ్చింది, దానిలో దీపాలు వచ్చాయి, వాటి మీద అప్పుడే సాలెగూళ్లూ వచ్చాయి. అద్దంలాంటి తెల్ల టైల్స్ వచ్చాయి. నీటి చుక్క పడితే కనబడదు, కాలు పడితే మాత్రం జారుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ల నూకమ్మ గోడ పట్టుకుని నడుస్తూ, "ఇది నేలేటిరా, నూతిగట్టేటి?" అని కొడుకుని తిట్టింది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ పడిపోయింది. అది పడిపోయాకే భాగ్యరేఖకి దాని విలువ తెలిసింది. ఆ గోడ చాటునే కదా చెమట పట్టిన జాకెట్టు కాస్త వదులు చేసుకునేది, చిరాకేస్తే మొహం చిట్లించుకునేది, ఒక్కోసారి ఉల్లిపాయల వంకతో రెండు కన్నీటి చుక్కలు రాల్చేసేది. ఇప్పుడు సోఫాలోంచి అన్నీ కనబడతాయి. సోఫాలోంచే "టీ" అని కేక వేస్తే సరిపోతుంది, ఇదివరకు అతను కనీసం గుమ్మం దాకా అయినా లేచి వచ్చేవాడు. ఉండాల్సిన గోడ పడగొట్టి, లేని చోట గోడ కడుతున్నాడు మహానుభావుడు!

ఈ నెల రోజులూ ఆమె వంట వరండాలో, నేల మీద పెట్టిన ఒంటిపొయ్యి మీద. ఇంట్లో ముగ్గురికీ, పనిచేసే నలుగురికీ. సిమెంటు దుమ్ములో మూతలు పెట్టుకుంటూ, రోజుకి అయిదుసార్లు టీ. ఆ టీ కాచడం కూడా ఇంటి పనిలో భాగమేనని ఏ గ్రాఫు కాగితం మీదా లేదు.

నిన్న కొత్త వంటగట్టు లేచింది. దాని ఎత్తు ఎలా నిర్ణయించారంటే, తిరుమలరావు వెళ్లి నిలబడి తన బెల్టు దగ్గర చెయ్యి పెట్టి, "ఇక్కడికి కట్టు జగ్గయ్యా" అన్నాడు. ఆరడుగుల మనిషి బెల్టు. భాగ్యరేఖ అతని గుండెల దాకా వస్తుంది. ఫ్రిజ్జు కొలిచాడు, మిక్సీ కొలిచాడు, సిలిండరు చుట్టూ చెయ్యి తిరగడానికి ఎంత జాగా కావాలో కొలిచాడు. ఆమెని కొలవలేదు. ఎవరూ చూడనప్పుడు ఆమె ఆ గట్టు దగ్గర నిలబడి ఉత్తుత్తి వంకాయలు తరిగి చూసుకుంది. మోచేతులు పైకి లేచిపోయి, నిమిషంలో భుజాలు లాగాయి. ఆ మాటే చెబితే అతను నవ్వాడు. "ఓ పీటేసుకుని నిలబడవే. దానికేటి!"

అదే మనిషి, స్నేహితులొచ్చినప్పుడల్లా ఒక కథ చెబుతాడు. మిల్లులో కొత్త మిషన్ పెడితే దాని హ్యాండిల్ ఎవరికీ అందనంత ఎత్తున పెట్టారట. ఇతను ఇంజనీర్లతో దెబ్బలాడాడట. "నడిపేవాణ్ని అడక్కుండా మిషన్ పెడతారేటయ్యా?" అని గట్టిగా అడిగాడట. హ్యాండిల్ దింపించేదాకా ఒప్పుకోలేదట. ఆ కథ భాగ్యరేఖ పాతికసార్లు విన్నది, పాతికసార్లూ పకోడీల పళ్లెం పట్టుకుని.

మర్నాడు మధ్యాహ్నం పనివాళ్లు అన్నాలకి వెళ్లారు. తిరుమలరావు కునుకు తీస్తున్నాడు. భాగ్యరేఖ ముగ్గుడబ్బా తీసుకుని మేడ మీదకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో మొదట ఆమెకే తెలియదు. వంగి, చుక్కలు పెట్టకుండా, ఒక తిన్నని గీత పోసింది. అది గోడ. ఆ పక్కన ఇంకొకటి. మధ్యలో మూరెడు ఖాళీ వదిలింది. అది కిటికీ. చేతిమూరతో, జానతో, బెత్తెడుతో కొలుచుకుంటూ పొయ్యికి చోటు పోసింది, నీళ్ల తొట్టికి చోటు పోసింది, ఉప్పుజాడీకి చెయ్యి చాపితే అందే చోట ఒక చిన్న సున్నా చుట్టింది. తర్వాత ఆ తెల్లగీతల మధ్యకి జాగ్రత్తగా, గుమ్మం వదిలిన చోటునుంచే, లోపలికి నడిచింది.

ఎండ మెత్తగా ఉంది. లేని తొట్టిలో బియ్యం కడిగింది. లేని కిటికీలోంచి నీళ్లు పోసింది. రెండడుగుల్లో పొయ్యి, ఒక అడుగులో నీళ్లు, వెనక్కి తిరిగితే కత్తిపీట. ఎక్కడా ఏదీ తగల్లేదు, ఎవరూ పిలవలేదు. దూరంగా ప్లాంటు పొగ తీరిగ్గా పైకి పోతోంది. గట్టు ఎత్తు మాత్రం ముగ్గులో పోయడం ఎలా? అనుకుంటూ పక్కకి జరిగితే అరచేతులు వాటంతటవే పిట్టగోడ మీద ఆనాయి. మోచేతులు హాయిగా వంగి, భుజాలు కిందికి దిగాయి. మామగారి కాలంలో కట్టిన పొట్టి పిట్టగోడ. ఇన్నేళ్లు దాని మీద వడియాలు ఎండబెట్టింది గానీ అది సరిగ్గా తన ఎత్తే అని గమనించలేదు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఇదేటే, సుక్కల్లేని ముగ్గు?"

నూకమ్మ! గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చి ఆయాసపడుతోంది.

"వంటిల్లు అత్తమ్మా," అంది భాగ్యరేఖ, దొంగతనం దొరికిపోయినట్టు.

ముసలావిడ గీతల వెంబడి చూపు తిప్పింది. చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, గీత తొక్కకుండా గుమ్మంలోంచి లోపలికొచ్చింది. "కిటికీ అక్కడేనా? బాగుంది. మరి నాకు కూకోడానికేదీ? సిక్కుడుకాయలు ఒలిసిపెట్టొద్దా?"

భాగ్యరేఖ మూలన ఒక చతురస్రం పోసింది. నూకమ్మ అందులో చతికిలబడి కాళ్లు చాపుకుంది. తర్వాత మెల్లిగా అంది.

"ఆ కిటికీ మొదట్నుంచీ లేదే పిల్లా. మీ మావ గోడ మూసే కట్టించేసినారు. దొంగలొత్తారనీ, ఆడోళ్లు వీధిలోకి సూత్తారనీ. నాకు ఊపిరాడీది కాదు. మూడ్రోజులు పొయ్యెలిగించలేదు నాను. నాలుగోనాడు ఆయనే మేస్త్రిని తోలుకొచ్చినారు."

"మరి నేను నిలబడితే తిట్టేవారు కదత్తమ్మా?"

"తిట్టీదాన్నే. నాను సంపాదించుకున్న సోటు కదా. నువ్వొచ్చీసరికి నువ్వే నిలబడిపోనావు," అంది నూకమ్మ సిగ్గుపడకుండా. "అప్పుడు కుళ్లు నాకు. ఇప్పుడు లేదు."

ఆ మాటకి భాగ్యరేఖ ముగ్గుడబ్బా కింద పెట్టి కూర్చుంది. ముప్పై ఏళ్లలో అత్తగారి పక్కన అలా కింద కూర్చోవడం అదే మొదటిసారి.

కిందికి దిగాక ఆమె మంచం కింద నుంచి భర్త రిటైర్‌మెంట్ పెట్టె లాగింది. హెల్మెట్టు, బూట్లు, వాటి అడుగున తీగతో కట్టిన ఎర్ర అట్టల కట్ట. ప్లాంటులో మిషన్ రిపేరుకి దిగే ముందు దాని స్విచ్చుకి కట్టే ట్యాగులవి. "మనిషి పనిలో ఉన్నారు, ముట్టుకోవద్దు" అని హిందీలో పెద్ద అక్షరాలు. కింద పేరు, పని, మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాయడానికి నాలుగు గీతలు. ట్యాగ్ మీద ఎవరి పేరుందో వాళ్లే విప్పాలి. ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. ఈ విషయంలో తిరుమలరావు నిప్పు. "ఒకపాలి పెద్ద సాబే వచ్చి నా ట్యాగ్ తీసెయ్ అన్నాడు. తియ్యను సాబ్ అన్నాను. కింద నా మనిషి పనిలో ఉన్నాడు," అని చెప్పేటప్పుడు అతను ఇప్పటికీ నిటారుగా కూర్చుంటాడు. ఆ కథంటే భాగ్యరేఖకి నిజంగా ఇష్టం. ఆ కథ కోసమే అతన్ని చాలా వాటికి క్షమిస్తూ వచ్చింది.

ఒక అట్ట తీసి, పెన్ను వెతుక్కుని, నాలుగు గీతల్లో మూడింటిని నింపింది. పేరు రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. వీధి తలుపు మీద బోర్డులో అతని పేరుంది, మీటరు మీద మామగారి పేరుంది. ఈ ఇంట్లో తన పేరు ఎక్కడా లేదని అప్పుడే తట్టింది.

మర్నాడు పొద్దున్న జగ్గయ్య సుత్తి, ఉలి, తట్ట నిండా సిమెంటు మాలు పట్టుకుని వచ్చాడు. ఇటుకలు కిటికీ కింద పేర్చి ఉన్నాయి. అతను ఊచ మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు.

"సాబ్, ఇలా రండోపాలి. ఇదేదో కట్టీసుంది."

తిరుమలరావు వచ్చాడు. ఎర్ర అట్ట చూడగానే అతని చెయ్యి అలవాటు చొప్పున వెనక్కి వచ్చేసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని వంగి చదివాడు.

పేరు: భాగ్యరేఖ.
పని: వంట.
మొదలైన తేదీ: 12 మే 1995.

అది వాళ్ల పెళ్లయి ఆమె ఈ ఇంట్లో కాలుపెట్టిన మర్నాడు. వరండాలో ఒంటిపొయ్యి వెలగలేదు. దాని పక్కన పీట మీద నూకమ్మ కూర్చుని ఏమీ ఎరగనట్టు తమలపాకు ఈనెలు తీస్తోంది. కిటికీ అవతల లూసీ గిన్నెతో నిలబడి, లోపల ఏదో జరుగుతోందని గ్రహించి అక్కడే ఉండిపోయింది. భాగ్యరేఖ నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఉంది. కళ్లు దించలేదు.

"ఏటే ఇది, తమాషానా?" అన్నాడు తిరుమలరావు. గొంతులో కోపం పూర్తిగా కూడుకోలేదు.

"తమాషా కాదండీ. కింద మనిషి పనిలో ఉంది."

అతను దాన్ని విప్పడానికి చెయ్యి ఎత్తాడు. తీగ దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముప్పై ఆరేళ్లు ఎవరి ట్యాగూ ముట్టుకోని చెయ్యి అది.

"కొట్టీమంటారా సాబ్, మానీమంటారా?" అన్నాడు జగ్గయ్య, సిమెంటు గట్టిపడిపోతోందని తొందరగా.

తిరుమలరావు చెయ్యి దించాడు. "నన్నడగకు. ట్యాగ్ మీద ఎవుల పేరుందో ఆళ్లనడుగు."

నెల రోజుల్లో మొదటిసారి జగ్గయ్య ఆమె వైపు తిరిగాడు. "సెప్పండమ్మా. ఎక్కడ కొట్టాల?"

"ఆ గట్టు కొట్టు. మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తుందో చూసి రా. అంతే ఎత్తు కట్టు. ఈ ఇటుకలు పడగొట్టిన గోడకి వాడు, నా నడుం దాకా చాలదు, తల మునగాలి. అత్తమ్మ కూర్చోడానికి మూలన ఒక అరుగు కావాలి." ఒక్కొక్క మాటా చెబుతుంటే ముగ్గుగీతలు కళ్ల ముందు మళ్లీ తెల్లగా పరుచుకున్నాయి. "టైల్స్ సంగతి రేపు చూద్దాం."

జగ్గయ్య మేడ మెట్లు ఎక్కుతున్నాడు. లూసీ ఊచల్లోంచి గిన్నె లోపలికి చాపింది. భాగ్యరేఖ అందుకుంది.

తిరుమలరావు ఇంకా ట్యాగ్ దగ్గరే నిలబడి ఉన్నాడు. "మరి ఇదెప్పుడు విప్పుతావు?" అన్నాడు మెల్లిగా.

"పని అయిపోయాక విప్పుతానండీ. రూలదే కదా!"

అతను మళ్లీ వంగి, అట్టలో చివరి గీత కేసి చూశాడు. ముగిసిన తేదీ అని ఉన్న చోట ఏమీ రాసి లేదు.