పేలికలు కోసేసిన తాళంచెవులు

తన బాబాయి పోయిన వారానికి, ఆయన అద్దెకున్న గది ఖాళీ చేయడానికి ఇనుపకొట్టు షావుకారు తానే వచ్చాడు. మధ్యాహ్నానికల్లా గది ఇంటాయనకి అప్పజెప్పేసి కొట్టు తెరవాలని షావుకారు లెక్క. కూర్చుంటే పని సాగదని నిలబడే అన్నీ సర్దాడు. ఒక మంచం, ఒక కుర్చీ, నాలుగు గిన్నెలు. ముసలితనం దాకా బతికిన మనిషి మిగిల్చిన సరుకు తోపుడుబండి నిండా కూడా రాలేదు.

బాబాయి బతుకంతా ఖర్చేగాని రాబడి ఎక్కడ అని షావుకారుకి మొదట్నించీ అనుమానం. ఎవరింట్లో పంపు చెడినా ఆయనే. ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా ఆస్పత్రి వరసలో ఆయనే. పెళ్ళీ పెటాకులూ లేవుగాని ఊరందరి సంసారం ఆయన నెత్తిమీదే ఉందని ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవారు. షావుకారు కొట్టు పెట్టిన కొత్తలో రోజూ పొద్దున్నే వచ్చి, కలిసిపోయిన మేకుల్ని సైజులవారీగా ఏరిపెట్టిందీ ఆయనే. ఆ సంగతి మాత్రం షావుకారు ఎక్కడా ఎత్తడు.

గోడకి కొట్టిన చువ్వనిండా తాళంచెవులు. ఆ మూడంతస్తుల ఇంట్లో కాపురమున్న వాళ్ళందరూ రెండో తాళంచెవి బాబాయి దగ్గరే ఉంచేవారు. ఒకదానికి గుడ్డపేలిక, ఒకదానికి తీగముక్క, ఇంకోదానికి చొక్కా గుండీ కట్టి, జిడ్డోడుతూ ఉన్నాయి. వెనక్కిచ్చే వస్తువు నిగనిగలాడాలన్నది కొట్టు మర్యాద. షావుకారు ఆ చెత్తంతా కోసేసి, తాళంచెవుల్ని కిరసనాయిల్లో తోమి, కొత్త రింగుకి ఎక్కించాడు. పేలికలు చెత్తబండిలో వెళ్ళిపోయాయి. తన పనితనం చూసుకుని కాస్త మురిసిపోయాడు కూడా.

అప్పుడే పై అంతస్తు కుట్టుమిషనావిడ చెప్పుల్లేకుండా దిగొచ్చింది. ఎవరికో బట్టలివ్వడానికి గుమ్మం దాటిందట. గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. లోపల మంచం దిగలేని తల్లి, పొయ్యి మీద పాలు.

"ఎర్ర పేలికది ఇవ్వండన్నయ్యా, తొందరగా."

షావుకారు చేతిలోని రింగుకి ఎర్రదీ లేదు, ఏ పేలికా లేదు.

ఇద్దరూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. ఒక్కోటీ దూర్చడం, తిప్పడం, లాగడం. రింగు చేతిలో జారినప్పుడల్లా ఏది చూశాడో ఏది చూడలేదో తెలియక మళ్ళీ మొదటికి. తలుపు కింద నుంచి మాడువాసన. తలుపు ఇనుపరేకుది, సుత్తికి లొంగే రకం కాదు.

లోపల ముసలావిడ దగ్గింది. "ఎవరు నాయనా? చేతులు తొందరపడుతున్నాయి."

"ఆయన అన్నకొడుకుని, అమ్మగారూ."

"మేకుల షావుకారువా? నీ కొట్లో ఏ మేకు ఎక్కడుందో నీకంటే తనకే బాగా తెలుసని మీ బాబాయి తెగ గొప్పలు పోయేవాడు. తలుపు తీసేదాకా నాకు భయమేయకుండా ఏదో ఒకటి చెప్తూనే ఉండేవాడు. నువ్వూ చెప్పు."

బేరానికి తప్ప మాటలు పెంచడం షావుకారుకి చేతకాదు. అందుకే మేకులతోనే మొదలుపెట్టాడు. అంగుళంవి ఏ డబ్బాలో, తలలేనివి ఏ డబ్బాలో. ఆ తర్వాత వాటిని ఏరిన మనిషి దగ్గరికి వచ్చాడు. కూలి ఇస్తానంటే ఆ మనిషి ఎంత నొచ్చుకున్నాడో చెప్పాడు. చెప్తుండగానే వేళ్ళ తొందర తగ్గింది. తాళం తిరిగింది.

పాలు బొగ్గయ్యాయి. గదినిండా పొగ. ముసలావిడ దుప్పటి ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతో, క్షేమంగానే ఉంది. కిటికీలు తెరిచి గాలాడాక షావుకారు ఆ తాళంచెవి రింగులోంచి తీసి కూతురి చేతికివ్వబోయాడు. ఆవిడ చెయ్యి చాపలేదు.

"మీ దగ్గరే ఉండనివ్వండన్నయ్యా."

"నేను మా బాబాయిని కానమ్మా. ఎదురింటివాళ్ళకిచ్చుకో."

"వాళ్ళకిస్తే వాళ్ళకిచ్చినట్టుంటుంది. ఆయనకిస్తే ఎవరికీ ఇవ్వనట్టే ఉండేది. ఆయన మాత్రం పుట్టడమే అలా పుట్టాడా?"

లాభం లేని సరుకు దింపుకోవడం షావుకారు ఎరగడు. తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ మెట్లు దిగాడు. కింద ఇంటాయన కొత్తగా దిగేవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, గది చూపించవచ్చా అని అడిగాడు.

"ఇవాళ కాదండీ," అన్నాడు షావుకారు. "ఈ తాళంచెవులు ఎవరివో ఇంకా తేలలేదు."

మంచం మళ్ళీ లోపల వేయమని బండివాడికి చెప్పి, రింగు పట్టుకుని పక్క గుమ్మం తలుపు తట్టాడు.