చెంబుల వరస

కాసులమ్మ ఒక అరచెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో పొత్తికడుపును కుడి నుంచి ఎడమకు నిమురుకుంటూ కూర్చుని చాలాసేపయింది. రేకు తలుపు సందులోంచి వెలుతురు సన్నగా పాదాల మీద పడుతోంది. బయట కుళాయి కింద ఎవరిదో బిందె నిండుతోంది. రాత్రి మింగిన ఇసబ్‌గోల్ కడుపులో ఎక్కడో బంకలా అతుక్కుపోయింది గానీ కిందికి దిగలేదు.

"ఏటే కాసులూ, లోపల కాపరం పెట్టేసినావేటి? బేగి రా. సంజయ్‌బాబు హాజిరీ పుస్తకం మూసేత్తాడు!"

ఆ గొంతు జగ్గమ్మది. కాసులమ్మకు తోటికోడలు, పెద్దది.

"వత్తన్నానప్పా," అంది కాసులమ్మ పళ్ళు బిగించి.

బెంగాలీల మహానగరంలో, వాట్‌గంజ్ పేటలోని ఆ క్వార్టర్స్‌లో పదహారు ఇళ్ళకు రెండు మరుగుదొడ్లు. తెల్లవారకముందే ఎవరి చెంబు వాళ్ళు తెచ్చి, తలుపు దగ్గర్నుంచి కుళాయి దాకా వరసలో పెట్టి ఇంటికి పోతారు. మనిషి లేకపోయినా చెంబు ఉంటే వంతు ఉన్నట్టే. ఒకరి చెంబు ఇంకొకరు జరిపితే పండగనాడైనా జుట్లు పట్టుకోవాల్సిందే. తన చెంబు తానే వెనక్కి పెట్టుకుని ఇంకొకరికి వంతు ఇచ్చినవాళ్ళను ఆ వాకిట్లో ఎవరూ ఎరగరు. పదకొండు రోజులుగా జగ్గమ్మ ఆ పని చేస్తోంది. కాసులమ్మ నీలం మగ్గును ముందుకు జరిపి, తన సొట్టలు పడ్డ సత్తు చెంబును దాని వెనక పెడుతోంది.

కాసులమ్మ చెమటలు కక్కుతూ బయటికొచ్చింది. జగ్గమ్మ లోపలికెళ్ళింది. కాసులమ్మ చేతులకు సబ్బు రుద్దుకుని కడుక్కునేలోపే, ఖాళీ చెంబు ఊపుకుంటూ జగ్గమ్మ బయటికొచ్చేసింది. ఎప్పుడూ అంతే.

కాసులమ్మ ఒకరి బంగారం చూసి ఏడవలేదు. ఒకరి చీర చూసీ ఏడవలేదు. తోటికోడలి కడుపు చూసి మాత్రం ముప్ఫై మూడేళ్ళుగా లోలోపల ఏడుస్తూనే ఉంది.

శ్రీకాకుళం నుంచి రైలు దిగి ఈ వాకిట్లోకి కోడలిగా వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్ళు. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఒక్క గదిలో ఎనిమిది మంది. మరుగుదొడ్డి దగ్గర ఓడరేవులో డాక్ పనికి వెళ్ళే మగాళ్ళ వరస. వాళ్ళ ముందు చెంబు పట్టుకుని నిలబడలేక బిగబట్టుకునేది. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు. అక్కడే మొదలైంది. జగ్గమ్మ మాత్రం చెంబు చంకన పెట్టుకుని, "తప్పుకోండ్రా దాదాలూ, మీకొక్కలికేనేటి కడుపులున్నాయి?" అని మగాళ్ళను నవ్విస్తూ ముందుకెళ్ళిపోయేది.

కడుపుతో ఉన్నప్పుడు కాసులమ్మకు గొంతుదాకా మంట. గ్లాసుడు గంజి తాగినా పులితేన్పులు. జగ్గమ్మ తొమ్మిదో నెలలో ఎండుచేపల పులుసు కలుపుకుని, వేళ్ళు నాకి, ఇంకాస్త వడ్డించుకుంది. కానుపయ్యాక కుట్లు తెగుతాయన్న భయంతో కాసులమ్మ ఆరు రోజులు దొడ్డికి కూర్చుని ముక్కలేదు. ఆ భయం మొలలుగా మిగిలిపోయింది. వీధులూడ్చే పనిలో చేరాక, దారిలో ఆడవాళ్ళు వెళ్ళే చోటు దొరకదని పొద్దున పూట నీళ్ళు తాగడమే మానేసింది. నెలసరి ఆగిపోయాక పొట్ట డప్పులా ఉబ్బింది. జగ్గమ్మకు ఏ వయసులోనూ ఏమీ కాలేదు. మొగుడు పోయి, ఆయన ఉద్యోగంలో చేరి, పర్మనెంటయి కూడా, ఆమె కడుపు గడియారంలా నడిచింది. ఈ మధ్య సన్నబడింది కూడా. "ఏటి జగ్గమ్మా, కొత్త పెళ్ళికూతుర్లాగయిపోతన్నావు," అని వాకిలంతా మెచ్చుకుంటుంటే కాసులమ్మ తన డప్పు మీద కొంగు సర్దుకునేది.

ఇద్దరూ చీపుళ్ళు తీసుకుని రోడ్డెక్కారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కాసులమ్మ వంగి ఊడుస్తూ పోతుంటే జగ్గమ్మ బండి తోస్తూ ఈల ఊదుతోంది. ఆ ఈలకు ఇళ్ళలోంచి చెత్తబుట్టలు బయటికొస్తాయి. మలుపు దగ్గర జగ్గమ్మ బండి ఆపింది.

"సూత్తుండు. నాను సులభ్‌కి ఎల్లొత్తాను."

పొద్దుటినుంచి ఇది రెండోసారి. అలవాటు కొద్దీ కాసులమ్మ కడుపు మండింది. దీనికెంత అదృష్టం, అనుకుంది. ఆ మరుక్షణం జాకెట్టులో మడిచి పెట్టుకున్న కాగితం చర్మానికి గుచ్చుకుంది.

నెల కిందట హాజిరీ ఆఫీసు పక్క గదిలో ఆడవాళ్ళకు ఆరోగ్య శిబిరం పెట్టారు. సమీర దీదీ అనే పిల్ల గోడకు బొమ్మ తగిలించి, ఎదిగే ఆడపిల్ల కడుపు ఎలా ఉంటుందో, బిడ్డతల్లిది ఎలా ఉంటుందో, నెలసరి ఆగినవాళ్ళది ఎలా ఉంటుందో చెప్పింది. నలభై ఐదు దాటినవాళ్ళకు తలా ఒక చిన్న తెల్ల డబ్బా ఇచ్చింది. మలం తెచ్చి ఇస్తే పరీక్షకు పంపుతారు. పేరు అక్కడే రాసి అంటిస్తారు. తేడా ఉంటే కాగితం ఇంటికొస్తుంది, రాకపోతే బాగున్నట్టే.

చివరి రోజు వచ్చింది. కాసులమ్మ డబ్బా ఖాళీ. ఆ పొద్దున్నే జగ్గమ్మ మెటియాబ్రుజ్‌లో ఎవరింట్లోనో బారసాలకు పోతూ, నిండిన డబ్బాను సంచిలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. "నాదీ ఇచ్చేయే. ఒక్క దినం అడిగితే రెండు డబ్బాలిద్దును," అని నవ్వింది. వరసలో నిలబడితే ముందువాళ్ళందరి చేతుల్లోనూ నిండు డబ్బాలే. చివరికి ఇందులో కూడా అదే గెలవాలా? "నామ్ కీ, దీదీ?" అని సమీర అడిగింది. కాసులమ్మ నోట తన పేరే వచ్చింది. జగ్గమ్మ తేలేదని కూడా తనే చెప్పింది.

తర్వాత సమీర ఇంటికే వచ్చి కాగితం ఇచ్చింది. మలంలో రక్తం కనిపించిందట. భయపడొద్దంది, పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిందేనని తారీఖు చెప్పింది. అది ఈ రోజే.

ఆ సాయంత్రమే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. అంతలో మొగుడు బైరాగి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తిన్నదీ లేనిదీ అడగని మనిషి, బొప్పాయి పండు పట్టుకొచ్చాడు. తనే కోసి గింజలు తీసి ముక్కలు పళ్ళెంలో పెట్టాడు. మర్నాడు మారేడు పండు షర్బత్తు తెచ్చాడు. పక్కింటివాళ్ళు నీళ్ళు మోసిపెట్టారు. జగ్గమ్మ తన చెంబు వెనక్కి పెట్టుకుంది. ముప్ఫై మూడేళ్ళుగా ఎవరికీ పట్టని కడుపు ఒక్కసారిగా అందరికీ పట్టింది. రేపు చెబుదాంలే అనుకుంది. మొలల రక్తమే అయ్యుంటుంది అనుకుంది. జగ్గమ్మది ఇనుప కడుపు, దానికేమవుతుంది అనుకుంది. బొప్పాయి తియ్యగా ఉంది.

జగ్గమ్మ సులభ్ నుంచి వచ్చి బండి చెక్క పట్టుకుని కాసేపు నిలబడింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర రెండు కచోడీలు తీసుకుని, ఒకటి కొరికి, మిగతాది కుక్కకు వేసింది. జగ్గమ్మ తిండి పారేయడం కాసులమ్మ ఎన్నడూ చూడలేదు. జాకెట్టు వదులై రెండు పిన్నీసులు పెట్టుకుని ఉంది. పెళ్ళికూతుర్లాగా అని అందరూ అన్నది దీన్నే.

"నీకు కడుపులో ఏటైనా అవుతందా అప్పా?"

"నాకేటే? కాయితం రానేదు కాదేటి! రాకపోతే బాగున్నట్టేనని ఆ పిల్ల సెప్పనేదా?" జగ్గమ్మ నోరు తుడుచుకుంది. "నీ సంగతి సూసుకో. ఒక్కర్తివీ ఎల్లకు, నానొత్తాను. రక్తం గిక్తం అంటే నువ్వు అక్కడే పడిపోతావు."

కాసులమ్మ టీ గ్లాసు సగంలోనే బల్ల మీద పెట్టేసింది.

ఆసుపత్రిలో పొడవాటి నడవా. బల్లల నిండా ఆడవాళ్ళు. ఒడిలో పాల పిల్లతో ఉన్న ఒక పిల్లతల్లి గోడకానుకుని కళ్ళు మూసుకుంది. జగ్గమ్మ ఎవరినో జరిపి కాసులమ్మకు చోటు చేసింది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. "తాగు. ఇక్కడ దొడ్డి ఉంది, బయపడకు." ఆ మాటకు కాసులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలం ఈమె కడుపు చూసి ఏడ్చిన ఏడుపు ఎటు పోయిందో తెలియలేదు. పోయిందని కూడా కాదు, ఉంది. అది ఉండగానే భయం దాన్ని తోసుకుని పైకొచ్చింది.

తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలోని జాబితా చూసి కాసులమ్మ పేరు పిలిచింది.

కాసులమ్మ లేవలేదు.

"లెగవే, పిలుత్తన్నారు."

"నువ్వెల్లప్పా," అంది కాసులమ్మ. కాగితం తీసి జగ్గమ్మ ఒళ్ళో పెట్టింది. "నీదే. ఆ దినం నా డబ్బా ఖాళీయే. నీ డబ్బాకి నా పేరు సెప్పినాను."

జగ్గమ్మ కాగితం వైపు చూసింది. బెంగాలీ అక్షరాలు ఆమెకు రావు. అయినా చాలాసేపు చూసింది. నర్సు మళ్ళీ పిలిచింది.

"ఎన్ని దినాలయినాదే ఇది వచ్చి?"

"పదకొండు."

జగ్గమ్మ వేళ్ళు మడిచింది. పదికి ఆగి, రెండు చేతులూ చూసుకుని, ఇంకో వేలు మడిచింది.

"బొప్పాయి తినీసినావు కదే మరి," అంది.

తిడుతుందేమో, చెంపమీద కొడుతుందేమో అని కాసులమ్మ తల వంచుకుంది. జగ్గమ్మ లేచింది. జారుతున్న చీర నడుం దగ్గర గట్టిగా దోపుకుంది. నీళ్ళ సీసా కాసులమ్మ చేతిలోనే వదిలి, కాగితం పట్టుకుని లోపలికెళ్ళింది.

ఆ సాయంత్రం జగ్గమ్మను వార్డులో ఉంచేశారు. ఆమె కొడుకు మనోహర్ న్యూ టౌన్‌లో డ్యూటీ నుంచి పరుగెత్తుకొచ్చాడు. పేగులో గడ్డ ముదిరిపోయిందని, ఏడాది ముందు తీసుకురావాల్సిందని డాక్టరు అన్నాడట. ఆ ఏడాదిలో పదకొండు రోజుల బరువెంతో కాసులమ్మను ఎవరూ అడగలేదు, ఆమెకూ తెలియదు. వారంవారం వెళ్ళి వార్డులో మంచం పక్కన కూర్చునేది. జగ్గమ్మ డబ్బా మాట మళ్ళీ ఎత్తలేదు. "అయినాదా ఈవేళ?" అని మాత్రం అడిగేది. కాలేదంటే నవ్వేది. ఒక ఆదివారం ఇడ్లీ ముక్క నోట్లో పెట్టబోతే తల అడ్డంగా ఊపి, "నువ్వు తినీ," అంది. శ్రావణంలో, వాన పడుతున్న ఒక బుధవారం మధ్యాహ్నం, గంజి చల్లారేలోపు పోయింది.

పదకొండో రోజు కర్మ అయిన మర్నాటి తెల్లవారుజామున కాసులమ్మ నీలం మగ్గు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వరస అప్పుడే కుళాయి దాకా సాగింది. జగ్గమ్మ ఇంటి గుమ్మం పక్కన వానలోనే ఉండిపోయిన చెంబును తీసుకొచ్చి, తలుపుకు అందరికంటే ముందు పెట్టింది. తన మగ్గు దాని వెనక పెట్టింది. వచ్చినవాళ్ళు చూశారు. ఎవరూ జరపలేదు.

రేకు కప్పు చూరు నుంచి వాన చినుకులు ఒక్కొక్కటే ఆ సొట్టల సత్తు చెంబులో పడుతున్నాయి. అప్పటికే అది సగం నిండింది.