ఒనుఫ్రీ నోట పడితేనే మాట

"తమ గుర్రం చాలా అందంగా ఉందని మా దొరగారు మెచ్చుకుంటున్నారు. ఇంకొంచెం దగ్గరికి తెస్తే కళ్ళారా చూస్తారట" అన్నాడు ఒనుఫ్రీ పోలిష్ భాషలో.

నిజానికి పంక్రాతీ సవేల్యిచ్ అన్నది వేరు. "ఆ బక్క గుర్రాన్ని ఇంకో అడుగు ముందుకు తోలమనరా. లేకపోతే చీకటిపడేదాకా ఇక్కడే నిలబెడతాను" అన్నాడు.

మాస్కో పొలిమేరలో, స్మోలెన్స్క్ దారిని ఆనుకుని ఉన్న మైదానం అది. ఈస్టర్ ముందటి ఉపవాసాల రోజులు. మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. ఒకవైపు జార్ తరఫున ఎదురుకోలుకు వచ్చిన పంక్రాతీ సవేల్యిచ్ గుర్రం మీద గాదెలా కూర్చున్నాడు. ఎదురుగా పోలండ్ రాజుగారి రాయబారి పాన్ హిలారీ, సన్నగా, నిటారుగా, మీసాలు మెలితిప్పుకుని ఉన్నాడు. ఇద్దరి మధ్య బురదలో నిలబడినవాడు దుబాసీ ఒనుఫ్రీ.

ఒనుఫ్రీది కొంగ మెడ. చలికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. గడ్డం పలచన. అది గాలికి రెండు పాయలై, ఏ పక్షానా చేరకుండా అటొకటి ఇటొకటి ఊగుతోంది. ఒంటి మీద జరీ అంగీ మాత్రం ఏ ప్రభువుదో అన్నట్టు ధగధగలాడుతోంది. అది ఖజానాది. రాయబారులు వచ్చిన రోజున తొడుక్కోవడానికి ఇచ్చి, పని ముగియగానే తిరిగి పుచ్చుకుంటారు. దాని కింద అతని సొంత చొక్కాకు మోచేతుల దగ్గర అతుకుల మీద అతుకులు.

పొద్దుటి నుంచి నడుస్తున్న పేచీ ఒకటే. ముందుగా ఎవరు గుర్రం దిగాలి? ముందు ఎవరి కాలు నేలకు ఆనితే వాళ్ళ ఏలిక రెండోవాళ్ళ ఏలికకు తల వంచినట్టు. పంక్రాతీ భయమూ ఊరికే పుట్టింది కాదు. క్రితం శీతకాలంలో అతని బావమరిది స్వీడన్ రాయబారి ఎదుట తొందరపడి టోపీ తీశాడు. కచేరీ పెరట్లో బెత్తాలతో సత్కారం జరిగింది. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నిలబడే భోంచేస్తాడు.

ఇందులో తమాషా ఏమిటంటే పోలండ్ దొరకు రష్యన్ సగానికి పైగా అర్థమవుతుంది. పంక్రాతీకి పోలిష్‌లో తిట్లన్నీ అర్థమవుతాయి. అయినా వినపడనట్టే ఉండాలి. దుబాసీ నోట పడితేనే అది మాట. పడకపోతే ఎవరూ ఏమీ అననట్టే. ఒనుఫ్రీ జీతం తింటున్నది ఆ సందులోనే.

"ఈ ఎలుగుబంటి కిందికి దిగితే మళ్ళీ పైకెక్కించడానికి ఎంతమంది కావాలో అడుగు" అన్నాడు పాన్ హిలారీ.

పంక్రాతీ మెడ మీద నరాలు ఉబ్బాయి. కళ్ళు మాత్రం మేఘాల మీద నిలిపి, "ఏమంటాడ్రా?" అన్నాడు.

"తమ భారీ విగ్రహం చూసి ముచ్చటపడుతున్నారు దొరా. తమరికి శ్రమ కాకూడదనీ, ఇద్దరూ ఒక్కసారే దిగితే బాగుంటుందనీ మనవి చేస్తున్నారు."

పాన్ హిలారీ మీసం కొస అదిరింది. నవ్వో కోపమో తెలియలేదు. "నేనలా అన్నానా?" అని గొణిగాడు.

"అనబోతున్నారు ప్రభూ" అన్నాడు ఒనుఫ్రీ మెల్లగా.

ఒనుఫ్రీకి వాళ్ళలో ఎవరు ముందు దిగినా ఒకటే. రాయబారి అలిగి వెనక్కి వెళ్ళిపోతేనే కష్టం. సంధి గడువు దగ్గరపడింది. అది పొడిగించకపోతే గడ్డి మొలిచేసరికి సరిహద్దులో ఊళ్ళు తగలబడతాయి. అతను గడ్డం మొలవని వయసులో స్మోలెన్స్క్ యుద్ధంలో పట్టుబడి, కాళ్ళకు తాళ్ళతో విల్నా దాకా నడిచినవాడు. అక్కడ ఒక ప్రభువు వంటశాలలో పాత్రలు తోముతూ పోలిష్ నేర్చుకున్నాడు. ముందు వచ్చినవి తిట్లు, తరువాత కూరగాయల పేర్లు. మర్యాద మాటలు ఎవరూ నేర్పలేదు. వడ్డించేవాడి వెనక నిలబడి, గదిలోంచి వినపడినవి ఏరుకున్నాడు. విడుదలై తిరిగొచ్చేసరికి తల్లీతండ్రీ లేరు. అక్క మాత్రం మిగిలింది. రాయబార కచేరీవాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచి పగలంతా ఇతరుల మాటలే. తనకంటూ ఒక మాట అనే అవసరం పెద్దగా రాలేదు.

చివరికి ఇద్దరూ ఒకేసారి దిగడానికి ఒప్పుకున్నారు. దిగేముందు ఇద్దరు ఏలికల బిరుదులూ చదవాలన్నారు. పోలండ్ రాజుగారివి ముగిశాయి. ఒనుఫ్రీ గొంతు సవరించుకుని జార్ బిరుదులు అందుకున్నాడు.

అక్కడే పొరపాటు జరిగింది. "సకల మహా, చిన్న, తెల్ల రష్యాల ఏలిక" అనగానే, ఇక అయిపోవచ్చిందనుకుని పాన్ హిలారీ కాలు ఎత్తాడు. అది చూసి పంక్రాతీ కూడా ఎత్తాడు. బిరుదులు ముగియకుండా నేలకు కాలు ఆనించడం అపచారం. ఎత్తిన కాలు వెనక్కి పెడితే వెనుదీసినట్టు. ఇద్దరూ ఒక కాలు రికాబులో, ఒక కాలు గాల్లో, జీను కరుచుకుని వేలాడుతూ ఉండిపోయారు.

"మాస్కో, కీవ్, వ్లాదిమిర్, నోవ్‌గొరోద్‌ల పాలకుడు" అన్నాడు ఒనుఫ్రీ.

"తొందరగా కానీరా" అన్నాడు పంక్రాతీ, పళ్ళ సందున.

"తొందరగా చదివితే అగౌరవం దొరా. కజాన్ జార్, ఆస్త్రఖాన్ జార్..."

పంక్రాతీ బరువుకు జీను పక్కకు జారుతోంది. గుర్రం మెడ తిప్పి, ఇదేం దిగడమన్నట్టు చూసింది. పాన్ హిలారీ ముఖం బీట్‌రూట్ రంగుకు తిరిగింది. "మీ జార్‌కు ఇన్ని ఊళ్ళు దేనికయ్యా!" అన్నాడు.

అది ఒనుఫ్రీ నోట పడలేదు.

"సైబీరియా జార్" అనేసరికి అతని గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది. "ప్స్కోవ్ ప్రభువు, పెర్మ్..." అంటూ రెండు అడుగులు తూలి, వెల్లకిలా బురదలో పడ్డాడు.

"ఖజానా అంగీ!" అని పంక్రాతీ ఒక్క కేక పెట్టి దూకాడు. ఆ అంగీకి జవాబుదారీ అతనే. "అయ్యో, ముసలాయన!" అంటూ పాన్ హిలారీ కూడా దూకాడు. రెండు పరివారాలూ దుబాసీనే చూస్తున్నాయి. ఎవరి కాలు ముందు ఆనిందో ఒక్క కన్నూ చూడలేదు.

"పెర్మ్ తరవాతేదిరా? ముగించు! సగంలో ఆపితే ఇద్దరికీ బెత్తాలే!" అన్నాడు పంక్రాతీ, అతని అంగీ అంచు పైకెత్తి పట్టుకుని.

ఒనుఫ్రీ ఆకాశాన్ని చూస్తూ, పడుకున్నచోటినుంచే, "వ్యాత్కా, బల్గార్, తదితర సకల దేశాల ప్రభువు" అని వదలకుండా పూర్తిచేశాడు. పాన్ హిలారీ మొలలోని సీసా మూత తీసి అతని నోట్లో కొంచెం సారా పోశాడు. ఉపవాసపు రోజు. ఒనుఫ్రీ మింగాక శిలువ గుర్తు వేసుకున్నాడు.

కాసేపటికి అతన్ని కూర్చోబెట్టారు. "ఎవరి కాలు ముందు ఆనింది? నిజం చెప్పు" అని ఇద్దరూ రెండు భాషల్లో ఒకేసారి అడిగారు.

"ముందు ఆనింది నా వీపు, దొరలారా" అన్నాడు ఒనుఫ్రీ, రెండు భాషల్లోనూ.

పాన్ హిలారీ పకపకా నవ్వాడు. పంక్రాతీ తనకు అర్థం కాలేదన్నట్టు ముఖం పెట్టబోయి, తన భాషలోనూ చెప్పాడని గుర్తొచ్చి తనూ నవ్వేశాడు. తరువాత ఇద్దరూ గుర్రాలెక్కి పక్కపక్కనే నగరంలోకి వెళ్ళారు. పంక్రాతీని ఎక్కించడానికి నిజంగానే చాలామంది కావలసివచ్చింది.

మధ్యాహ్నం ఖజానా కాపలాదారు అంగీ వీపు చూసి లబోదిబోమన్నాడు. "దీన్ని తొడుక్కుని పొర్లావా ఏమిటి?" అన్నాడు.

"పొర్లలేదు బాబూ. పడుకున్నాను. రాజకార్యం మీద" అన్నాడు ఒనుఫ్రీ. తన గొర్రెతోలు కోటు వేసుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో రెండుచోట్ల కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఇల్లంటే ఒకటే గది. సగం పొయ్యి, సగం మనుషులు. భార్య ఉలీత కిటికీ పక్కన ఊలు వడుకుతుంది. వితంతువైన అక్క ఫెతీన్యా పొయ్యి పక్కన కూర్చుని పుట్టగొడుగులు దండలు గుచ్చుతుంది. ఇద్దరికీ మాటల్లేవు. ఒక ఈస్టర్ ముందు ఆవిరిస్నానానికి ఎవరు ముందు వెళ్ళాలన్న దగ్గర మొదలై, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఆ ఏడు ఇద్దరూ స్నానం చేయకుండానే పండగ చేసుకున్నారు.

అతను బల్ల దగ్గర కూర్చోగానే, "ఆవిడతో చెప్పు" అంది ఉలీత. "ఆ దిక్కుమాలిన పిల్లి నా ఊలంతా పీకి పందిరేసింది."

"అక్కా, నీ పిల్లి ఊలుతో ఆడుకుందట. హుషారైన పిల్లి అంటోంది."

"దిక్కుమాలినది అంది. నాకు చెవుల్లేవా?"

"నేను చెప్పాకే కదక్కా లెక్క."

"అయితే దానితో చెప్పు. ఊలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేవాళ్ళ ఊలు పిల్లి కాదు, ఎలుకలు కూడా పీకుతాయని."

"ఉలీతా, నువ్వు పొద్దస్తమానం కష్టపడి అలిసిపోతున్నావని అక్క బాధపడుతోంది."

ఉలీత మూతి తిప్పుకుంటూ పులుపెక్కిన క్యాబేజీ పులుసు మూకుడులో పోసి అతని ముందు పెట్టింది. కిటికీలో ఎండ తగ్గి, పొయ్యి వెలుగు గోడ మీదికొచ్చింది. "ఇవాళ ముఖం అలా ఉందేం?" అని అడిగింది.

"ఒకాయన కాలు నేలకు ఆనడం ఆలస్యమైంది" అన్నాడతను. కొంచెం నవ్వాడు. పులుసు చాలావరకు తాగి, "బాగుంది" అని, వీపును పొయ్యి గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రపోయేముందు ఆవిడతో చెప్పు" అంది ఉలీత, కదురు తిప్పుతూ. "రేపు నీళ్ళు తేవడం ఆవిడ వంతు. నడుం నొప్పి అని నాటకాలాడితే కుదరదు."

"దానితో చెప్పరా తమ్ముడూ. నా నడుం నాటకమైతే దాని నిద్ర ఏమిటో అడుగు."

"నిద్రపోయేదెవరో ఊరందరికీ తెలుసని చెప్పు!"

ఆ మాట గదిలో అలాగే నిలబడింది. దాన్ని అందుకుని మెత్తబరిచేవాళ్ళు లేక గట్టిగా, ముళ్ళతో, అన్నది అన్నట్టే ఫెతీన్యా చెవిన పడింది. ఆవిడ తలెత్తి ఎదురుచూసింది. ఉలీత కూడా కదురు ఆపింది.

"ఏరా, చెప్పవేం?" అంది ఫెతీన్యా.

పొయ్యిలో కట్టె విరిగింది. ఫెతీన్యా లేచి వచ్చి తమ్ముడి చెంప మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఉలీతా" అంది చివరికి. ఆ పేరు పలకడం మరిచిపోయిన నోరు తడబడింది. "వీడు పలకడంలేదే."

"వదినా..." అంది ఉలీత.

మర్నాడు ఇరుగుపొరుగు మగవాళ్ళు అతన్ని చర్చికి తీసుకువెళ్ళారు. కచేరీ నుంచి ఒక మనిషి వచ్చి, పోలండ్ దొర అక్కడ వచ్చి కూర్చుని ఉన్నాడనీ, దుబాసీ లేక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేకపోతున్నారనీ చెప్పి, టోపీ తీసి వెళ్ళిపోయాడు.

ఇల్లు సర్దుతూ ఫెతీన్యా బల్ల మీది మూకుడు తీయబోయి, వేలు ముంచి నాలికకు రాసుకుంది. ముఖం చిట్లించింది.

"ఇదేం ఉప్పు! నువ్వు వేశావా?"

"వేశాను వదినా. రోజూ నేనే వేస్తాను."

"నువ్వు బావికి వెళ్ళినప్పుడు రోజూ నేనూ వేస్తాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉలీతకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఫెతీన్యాకు రెండూ కలిసే వచ్చాయి. బల్లకు ఆ పక్కొకరు ఈ పక్కొకరు కూలబడ్డారు.

మూకుడు మధ్యలోనే ఉంది. అడుగున రెండు గుటకల పులుసు, లోపలి అంచు చుట్టూ ఆరి తెల్లబడిన ఉప్పు చార.